మంచం పంపిన కబురు ఎవరికి చేరింది?

[దృశ్యం: బెంగళూరులో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రం. రాత్రి. మసక వెలుతురులో మంచం, పక్కన స్టూలు మీద మరచెంబు.]

నమస్కారం. మా పెద్దమ్మది హిందూపురం. వయసు 81. రెండేళ్లుగా బెంగళూరులో ఇలాంటి ఒక కేంద్రంలోనే ఉంటోంది. ఆమె పరుపు కింద పలుచని మ్యాట్ ఒకటి ఉంది. మనిషి బరువు దాని మీద నుంచి తప్పుకోగానే డ్యూటీ ఫోనుకు కబురు వెళ్తుంది. పోయిన ఏడాది ఒక రాత్రి 2:30కి ఆ కబురు వెళ్లింది, సరిగ్గానే వెళ్లింది. ఫోను మాత్రం కింది అంతస్తులో ఛార్జింగులో ఉంది. పెద్దమ్మ బాత్‌రూమ్ గడప దగ్గర పడిపోయి, 20 నిమిషాలు నేల మీదే ఉంది. మణికట్టు విరిగింది.

పెద్దవాళ్లను ఎక్కడైనా చేర్చేటప్పుడు మనం "సెన్సర్లు ఉన్నాయా?" అని అడుగుతాం. నేనూ అంతే అడిగాను. అది మోగితే ఎవరు లేస్తారని అడగలేదు.

[దృశ్యం: ఆస్పత్రి వార్డు. పరుపు కిందకు షీటు దూరుస్తున్న చేతులు.]

కొన్ని ఆస్పత్రి వార్డుల్లో పరుపు కింద వాడే సెన్సర్ షీటు మా పెద్దమ్మ మ్యాట్ కంటే ఎన్నో రెట్లు సున్నితమైనది. పడవలోంచి ఒడ్డుకు దూకితే పడవ కాస్త వెనక్కి జరుగుతుంది కదా. గుండె రక్తాన్ని తోసిన ప్రతిసారీ మన ఒళ్లు కూడా అలాగే, కంటికి ఆననంతగా కదులుతుంది. పరుపు కిందున్న సెన్సర్ ఆ కదలికను పట్టేస్తుంది. ఊపిరిది నెమ్మదైన పెద్ద అల, గుండెది దాని మీద పరుగెత్తే చిన్న అల. ఆ రెండింటినీ విడదీసి కంప్యూటర్ లెక్కపెడుతుంది. ఈ పద్ధతిని బాలిస్టోకార్డియోగ్రఫీ అంటారు. ఒంటికి తీగలు అంటించనక్కరలేదు, వేలికి క్లిప్పు పెట్టనక్కరలేదు. 2015లో బెంగళూరులోనే మొదలైన డోజీ సంస్థ తయారుచేసేది ఇలాంటి షీటే.

నా దృష్టిలో దీని అసలు విలువ ఊపిరి లెక్కలో ఉంది. శ్వాసలు సరిగ్గా లెక్కించాలంటే సిస్టర్ ఒక నిమిషం రోగి ఛాతీ వంకే చూస్తూ నిలబడాలి. 30 మంచాల వార్డులో ఇద్దరే ఉంటే, మంచానికొక నిమిషం ఎక్కడి నుంచి వస్తుంది? కానీ ఒళ్లు చెడుతున్నప్పుడు చాలాసార్లు ముందుగా మారేది ఊపిరే. బ్రిటన్‌లో 2012లో వచ్చిన 'న్యూస్' అనే ముందస్తు హెచ్చరిక స్కోరు చూడండి. నిమిషానికి 12 నుంచి 20 శ్వాసలైతే సున్నా. 21 నుంచి 24 అయితే 2 పాయింట్లు. 25 చేరితే 3. నాడి, బీపీ, ఆక్సిజన్, జ్వరం, స్పృహ వంటివాటి పాయింట్లు కూడా కలిపి మొత్తం 7 చేరితే వైద్య బృందం పరుగున రావాలి.

[దృశ్యం: నర్సింగ్ స్టేషన్. ఒకేసారి మూడు మానిటర్ల మోత. ఎవరూ తల తిప్పరు.]

ఇక్కడ కాసేపు ఆగుదాం. వేలి క్లిప్పు జారినా మోతే. చేతులు చల్లబడినా, గోళ్లకు ముదురు రంగు ఉన్నా, రోగి చెయ్యి కదిపినా ఆక్సిజన్ అంకె తప్పుగా పడి మళ్లీ మోతే. "నాన్నా పులి" కథే, కాకపోతే ఇక్కడ అరిచేది యంత్రం. షిఫ్టంతా ఉత్త మోతలు విన్న చెవి అసలు మోతను కూడా అందులోనే కలిపేస్తుంది. దీన్ని అలారం అలసట అంటారు. దయచేసి దీన్ని నర్సుల నిర్లక్ష్యం అనకండి.

ఈ అలసటకు విరుగుడు ఉంది. సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ముదిరిన కొందరికి డాక్టర్లు 88 నుంచి 92 శాతం ఆక్సిజన్ చాలంటారు. వాళ్ల మానిటర్‌ను 94 దగ్గర మోగేలా వదిలేస్తే తెల్లవార్లూ మోగుతూనే ఉంటుంది. ఎవరి హద్దులు వాళ్లకు డాక్టరే చెప్పి పెట్టించాలి. రౌండ్స్‌లో ఈ ఒక్క మాట మీరే అడగండి.

[దృశ్యం: కాగితపు కేస్ షీటు, పెన్ను.]

2022 నవంబర్ 23న సైబర్ దాడితో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఆగిపోయాయి. ఓపీ నుంచి ల్యాబ్ దాకా చాలా పనులు రోజుల తరబడి చేతిరాతతోనే నడిచాయి. అన్నీ నెట్‌కు కలిపిన చోట కాగితం మీద పని చేయడం మరిచిపోకూడదు. ఇక బాత్‌రూమ్‌లో కెమెరా పెడతామంటే ఒప్పుకోకండి. బొమ్మ తీయకుండా పడిపోయారో లేదో పసిగట్టే రాడార్ సెన్సర్లు ఉన్నాయి.

[దృశ్యం: మళ్లీ పెద్దమ్మ గది. గోడకు అంటించిన కాగితం.]

పెద్దమ్మ పడిన తర్వాత నేను ఆ కేంద్రం వాళ్లతో కూర్చుని మాట్లాడాను. ఇప్పుడు డ్యూటీ ఫోను అటెండర్ మెడలోనే వేలాడుతుంది. నిమిషంలో ఎవరూ తీయకపోతే వార్డెన్‌కు మోగుతుంది. కరెంటు పోతే వైఫై కూడా పోతోందని అప్పుడే తెలిసింది. రౌటర్‌కు యూపీఎస్ పెట్టించాం.

ఇంకొకటి, నాకు ఎప్పుడూ తట్టనిది. ఆ రాత్రి పెద్దమ్మ "ఎవరైనా ఉన్నారా, లేవలేకపోతున్నాను" అని పిలుస్తూనే ఉందట. పక్క గదుల వాళ్లకు వినిపించింది, అర్థం కాలేదు. రాత్రి డ్యూటీ అమ్మాయిది అస్సాం. ఇప్పుడు మంచం పక్కన గోడకు ఒక కాగితం ఉంది: నీళ్లు, నొప్పి, బాత్‌రూమ్, కళ్లు తిరుగుతున్నాయి. పక్కనే అస్సామీ లిపిలో వాటి ఉచ్చారణ. ఆ అమ్మాయే రాసుకుంది.

మీరు ఈసారి చూడ్డానికి వెళ్లినప్పుడు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, మంచం దగ్గరి కాల్ బటన్ నొక్కండి. ముందుగా చెప్పకండి. వీలైతే భోజనాల వేళ నొక్కండి. పోయిన ఆదివారం నేను నొక్కాను. 50 సెకన్లు. ఆ అమ్మాయి ఎంగిలి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, నన్ను చూడనైనా చూడకుండా మంచం మీదకు వంగి, "పెద్దమ్మా, నొప్పా?" అంది.