గది దొరికింది సరే, అద్దె ఎవరు కడతారు?

హోస్ట్: రికార్డింగ్ ఆన్ అయింది అక్కా. ఫ్యాన్ చప్పుడు వస్తే వినేవాళ్లు సర్దుకుంటారు, ఆపితే మనం ఉడికిపోతాం. ముందు ఇది చెప్పండి, క్యూరేటర్ అంటే ఇంట్లో వాళ్లకి ఏమని చెప్పారు?

అతిథి: మా అమ్మకి ఇప్పటికీ అంతుపట్టలేదు. బొమ్మలు వేసేదీ నువ్వు కాదు, అమ్మేదీ నువ్వు కాదు, మరి నీకు జీతం ఎవరిస్తారే అంటుంది. అడగాల్సిన ప్రశ్నే. ఏ బొమ్మ పక్కన ఏది ఉండాలి, ఎందుకుండాలి, చూసేవాళ్లు ఎటునుంచి ఎటు నడవాలి, ఇదంతా ఆలోచించడం నా పని. గ్యాలరీలకి కూడా ఇది కావాలి, కాదనను, కానీ గ్యాలరీ బతికేది అమ్మకాల మీద. అమ్ముడుపోని ఆలోచన పట్టుకుని తిరిగేవాళ్లు ఎక్కడికి పోవాలి?

హోస్ట్: అందుకే ఫోన్‌లో న్యూయార్క్ సంగతి ఎత్తారు.

అతిథి: అపెక్స్‌ఆర్ట్. 1994లో స్టీవెన్ ర్యాండ్ అనే ఆర్టిస్టు ట్రైబెకాలో, చర్చ్ స్ట్రీట్ మీద పెట్టాడు. ప్రదర్శనలు పెట్టే, లాభాపేక్ష లేని సంస్థ. నాకు నచ్చింది వాళ్లు ఎంచుకునే పద్ధతి. ఓపెన్ కాల్ పెడతారు, నీ ప్రదర్శన ఆలోచన ఏంటో 500 మాటల్లోపు రాసి పంపాలి. అంతే! పేరు కనపడదు, ఎక్కడ చదివావో ఎవరి శిష్యుడివో అక్కర్లేదు. చాలా దేశాల వాళ్లు జ్యూరీగా ఆన్‌లైన్లో అవి చదివి మార్కులు వేస్తారు. ఎంపికైన వాటికి ఖర్చు వాళ్లదే.

హోస్ట్: రికమెండేషన్ లేకుండా!

అతిథి: మనకి అది వింతే. ఇక్కడ ఒక షో చేతికి రావాలంటే ప్రతి ఓపెనింగ్‌కీ వెళ్లాలి, సమోసా తినాలి, నవ్వాలి. ఆరు నెలలు నవ్వాలి.

హోస్ట్: మీరూ ఒకటి పెట్టారు కదా హైదరాబాదులో?

అతిథి: పెట్టాను, మూసేశాను కూడా. రెండు గదుల పోర్షన్. సొసైటీగా రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు ఉండాలి. ఆర్టు తెలిసినవాళ్లు ముగ్గురే దొరికారు, మిగతా నలుగురూ మా పిన్ని, బాబాయి, మేడ మీద అద్దెకుండే అంకుల్, మా టైలర్. నవ్వకు, మీటింగులకి టైమ్‌కి వచ్చింది ఆ టైలర్ ఒక్కడే. తర్వాత 80జి కూడా తెచ్చుకున్నాం, అంటే మాకు విరాళమిచ్చినవాళ్లకి ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చే అనుమతి. ఒకాయన పదివేలు నగదు చేతిలో పెట్టి టాక్స్ రసీదు అడిగాడు, సంతోషంగా రాసిచ్చేశాను. రెండు వేలు దాటితే నగదుకి మినహాయింపు రాదని ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. మా ఆడిటర్ చేత తిట్లు తిన్నాక తెలిసింది.

హోస్ట్: మూసేసింది అందుకా?

అతిథి: కాదు, అద్దెకి. ప్రదర్శనకి డబ్బిచ్చేవాళ్లు దొరుకుతారు, బ్యానర్ మీద పేరు పడుతుంది. కరెంటు బిల్లు మీద ఎవరి పేరు వేస్తాం చెప్పు?

హోస్ట్: బయటి దేశాల గ్రాంట్లు?

అతిథి: దానికి ఎఫ్‌సీఆర్‌ఏ ఉండాలి, అంటే విదేశీ విరాళాల చట్టం కింద కేంద్రం ఇచ్చే అనుమతి. అదున్నవాళ్లకీ 2020 సవరణ తర్వాత చేతులు కట్టేసినట్టే అయింది. వచ్చిన విదేశీ డబ్బులో పరిపాలన ఖర్చు సగం దాకా ఉండొచ్చనేది పోయి 20 శాతం అయింది. ఆఫీసు అద్దె, కరెంటు, లెక్కలు రాసే మనిషి జీతం, ఇలాంటివన్నీ అందులోకే వస్తాయి. బోర్లు వేయించే సంస్థకి అది ఎలా ఉంటుందో గానీ, మాలాంటి వాళ్లకి ఆ గదే కదా పని! పైగా ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధుల్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదన్నారు, దాంతో పెద్దవాటి నీడన బతికే చిన్నవాటికి ఆ దారీ మూసుకుపోయింది.

హోస్ట్: అయినా నిలబడ్డవి ఉన్నాయిగా.

అతిథి: బెంగళూరులో వన్ శాంతి రోడ్ ఉంది, 2003 నుంచి. సురేష్ జయరామ్ అని కళా చరిత్ర చెప్పే ఆయన, క్యూరేటర్ కూడా, సొంతింటినే తెరిచిపెట్టారు. బాదం చెట్టు, వంటిల్లు, వచ్చి ఉండే ఆర్టిస్టులు, ఒక పక్క ప్రదర్శన. మన బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ క్యూరేటర్లది కాదు, అన్ని రకాల కార్యక్రమాలూ జరుగుతాయి, కానీ అదీ ఒక కుటుంబం ఇచ్చిన ఇల్లే. రెండూ నాకు ఇష్టం, ఆ ఇళ్లు ఇచ్చినవాళ్లకి దండం పెడతా. కానీ ఒకటి మింగుడుపడదు. ఇల్లున్నవాళ్లే పెట్టగలిగితే, ఊళ్లో ఏ బొమ్మ గోడెక్కాలో తేల్చేదీ ఇల్లున్నవాళ్లే. నా లాంటి అద్దెకొంపల వాళ్లం ఎప్పటికీ అతిథులమే.

హోస్ట్: మరి ఇప్పుడేం చేద్దామని?

అతిథి: ఆషాఢం. ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటాయి కదా, పెళ్లిళ్లుండవు. మా ఏరియాలో ఒకాయన్ని అడిగితే కరెంటు మాత్రం కట్టుకో అమ్మా, నెల వాడుకో అన్నాడు. ఇక కాల్ పెడతాం, 500 మాటలే, తెలుగులో రాసినా సరే, పేరు లేకుండా. ఒక్క షరతు, గోడకి మేకు కొట్టకూడదు.

హోస్ట్: మేకు లేకుండా బొమ్మలెలా వేలాడతాయి?

అతిథి: మా టైలర్‌ని అడిగాను. నిన్నొచ్చి హాలు కొలతలు తీసుకెళ్లాడు.