పేరు, నంబరు, యూనిట్

(సైనిక దళాల పతాక దినోత్సవం నాడు పల్నాడులోని ఒక డిగ్రీ కాలేజీలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న మాజీ సైనికులకు, వాళ్లతో పాటు వచ్చిన అక్కలకు, పిన్నమ్మలకు ముందుగా నమస్కారం.

పొద్దున గేటు దగ్గర ఎన్‌సీసీ పిల్లలు మనందరి చొక్కాలకు ఒక చిన్న జెండా పెట్టారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ రంగులవి. 1949 నుంచి ఏటా డిసెంబర్ 7న ఈ జెండాలిచ్చి విరాళాలు తీసుకుంటున్నారు. ఆ డబ్బు యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవాళ్లకు, కాలో చెయ్యో పోయిన జవాన్లకు, మాజీ సైనికుల కుటుంబాలకు వెళ్తుంది. డబ్బాలో పదో ఇరవయ్యో వేశాం, జెండా పెట్టించుకున్నాం. సాయంత్రానికి అది ఎక్కడో రాలిపోతుంది. కాగితమే కదా, తప్పేం లేదు. కానీ ఎవరి కోసం పెట్టుకున్నామో వాళ్లలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది పేర్ల గురించే.

మా నాన్న ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యాడు. ఇంటికి తెచ్చుకున్న ఆస్తి ఒక నల్ల ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ స్వయంగా రాసుకున్నాడు. ఏటా దసరాకి పెట్టె వసారాలోకి తెచ్చి, రంగు పోయిన చోట సన్న కుంచెతో మళ్లీ దిద్దేవాడు. అక్షరాలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే ఎత్తులో ఉండేవి. చివరి రెండేళ్లు ఆయనకు మతిమరుపు వచ్చింది. నన్ను మా బాబాయి పేరు పెట్టి పిలిచేవాడు. అన్నం తిన్నాడో లేదో గుర్తుండేది కాదు. సర్వీసు నంబరు అడిగితే మాత్రం మంచంలోనే భుజాలు నిటారుగా పెట్టి, ఒక్క అంకె తడబడకుండా చెప్పేవాడు.

చచ్చిపోయిన వీరుడి పేరు మర్చిపోకుండా ఉండడం ఎలాగో మన పల్నాడుకి ఎవరూ నేర్పక్కర్లేదు. కారంపూడి ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు అక్కడ పల్నాటి యుద్ధంలో పోయిన వీరులకు ఆరాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఆ అయిదు రోజుల పేర్లు వింటేనే యుద్ధం కళ్లముందు నడుస్తుంది. ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు కొణతాలు, అంటే వాళ్ల ఆయుధాలు, మోసుకొచ్చి నాగులేట్లో స్నానం చేయిస్తారు. వీరుల గుడిలో చనిపోయిన నాయకుల పేరన రాతి లింగాలున్నాయి. వీరవిద్యవంతులు రాత్రుళ్లు కథ పాడతారు. బాలచంద్రుడి పేరు వచ్చినప్పుడు జనం ఎలా ఊగిపోతారో మీరు చూసే ఉంటారు. కన్నమదాసు పేరు కూడా అంతే గౌరవంగా పలుకుతారు. బ్రహ్మనాయుడి సేనాని ఆయన, అంటరానివాడని ఊరు దూరం పెట్టిన కులంలో పుట్టినవాడు. ఆ యుద్ధం జరిగి ఎనిమిది వందల ఏళ్లు దాటింది. కట్టిన రాజ్యాలు పోయాయి. పేర్లు పోలేదు. రాతి మీద చెక్కినందుకే నిలిచాయని నేననుకోను. ఏటా వచ్చి నోటితో పలికే మనుషులున్నారు కాబట్టి నిలిచాయి.

ఇప్పుడు ఆధునిక దేశాల సంగతి చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల తరఫున 13 లక్షల మంది దాకా భారతీయులు వెళ్లారు. 70 వేల మందికి పైగా తిరిగి రాలేదు. మన మద్రాసు ప్రెసిడెన్సీ కుర్రాళ్లు కూడా మెసపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ దాకా పోయారు. యుద్ధంలో చనిపోయిన ప్రతి మనిషినీ పేరుతో స్మరించాలి, అధికారి అయినా సిపాయి అయినా ఒకే గౌరవం ఉండాలి అనే నియమంతో 1917లో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ పుట్టింది. గొప్ప నియమమే. ఫ్రాన్సులోని న్యూవ్ షపెల్‌లో 1927లో ఆవిష్కరించిన స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి. సమాధి దొరకని సిపాయిల పేర్లు, కూలీల పేర్లు కూడా అక్కడ చెక్కారు.

అదే కమిషన్ ఇరాక్‌లోని బస్రాలో ఏం చేసిందో వినండి. బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లున్నాయి, భారతీయ అధికారుల పేర్లున్నాయి. భారతీయ జవాను దగ్గరికి వచ్చేసరికి పేరు లేదు. ఫలానా రెజిమెంటు, ఇంతమంది అని ఒక అంకె వేసి వదిలేశారు. తూర్పు ఆఫ్రికాలో ఇంకా అన్యాయం. నైరోబీ, మొంబాసా, దారెస్సలాం ఊళ్లలో ఆఫ్రికన్ సైనికులకు, సామాన్లు మోసిన కూలీలకు కంచు విగ్రహాలు నిలబెట్టారు, పేర్లు రాయలేదు. 2021లో ఆ కమిషన్ తనకు తానే విచారణ చేసుకుని ఒప్పుకుంది: కనీసం 1,16,000 మందిని పేరుతో స్మరించలేదనీ, ఆ లెక్క 3,50,000 దాకా పోవచ్చనీ. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా, మధ్యప్రాచ్య ప్రాంతాలవాళ్లు. మరో 45 వేల నుంచి 54 వేల మందిని మిగతావాళ్లతో సమానంగా స్మరించలేదని కూడా చెప్పింది. కమిషన్ క్షమాపణ కోరింది. నూరేళ్లు గడిచాక.

ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్న పెట్టె మీద నంబరు ఉంది, దాని పక్కనే పేరూ ఉంది. బస్రాలో ఆ పేరు చెరిపేసి అంకె ఒక్కటే ఉంచారు. ఏ ఊళ్లోనో ఆ జవాను తల్లి ఎన్నేళ్లు వీధి గుమ్మంలో కూర్చుని ఉంటుంది?

సరే, పరాయి ప్రభుత్వం చేసిందంటాం. మనమేం చేశాం? ఇండియా గేటు కూడా ఆ కాలపుదే. 1921లో పునాది రాయి వేశారు, 1931లో ప్రారంభించారు. గోడల నిండా పదమూడు వేల పైచిలుకు పేర్లున్నాయి, అందులో స్వతంత్ర భారత సైనికుడిది ఒక్కటీ లేదు. 1971 యుద్ధం గెలిచాక, 1972 జనవరి 26న దాని కింద అమర జవాన్ జ్యోతి వెలిగించారు. తలకిందులుగా నిలిపిన తుపాకి, దాని మీద హెల్మెట్. మా నాన్న తరం వాళ్లకు ఆ బొమ్మే దేవుడి పటం. అయితే అక్కడా పేర్లు లేవు. 1947-48లో కాశ్మీరులో పోయినవాళ్లు, 1962లో చలికోట్లు కూడా లేకుండా చైనాతో పోరాడి పోయినవాళ్లు, 1965, 1971, శ్రీలంక, కార్గిల్. ఇందరి పేర్లు ఒక్కచోట ఉండే జాతీయ స్మారకం కోసం 1960ల నుంచి అడుగుతూనే ఉన్నారు.

2019 ఫిబ్రవరి 25న ఆ స్మారకం వచ్చింది. ఇండియా గేటు పక్కనే, 40 ఎకరాల్లో. చక్రవ్యూహం లాగా ఒకదాని చుట్టూ ఒకటి నాలుగు వలయాలు: అమర చక్ర, వీరతా చక్ర, త్యాగ చక్ర, రక్షక చక్ర. త్యాగ చక్ర గోడల్లో గ్రానైటు పలకలున్నాయి, ఒక్కో పలక మీద ఒక్కో సైనికుడి పేరు బంగారు రంగు అక్షరాల్లో ఉంటుంది. ప్రారంభించిన నాటికి 25,942 పేర్లు. 2022 జనవరిలో ఇండియా గేటు దగ్గరి జ్యోతిని ఇక్కడి జ్యోతిలో కలిపారు. అప్పుడు కొందరు మాజీ సైనికులు బాధపడ్డారు, కొందరు మంచిదే అన్నారు. పేర్లున్న చోట దీపం ఉండాలనేది నిజమే. కానీ పాత దీపం ముందు యాభై ఏళ్లు సెల్యూట్ చేసినవాళ్లున్నారు, రెండూ వెలగనిచ్చి ఉంటే బాగుండేదని నా మనసుకి అనిపిస్తుంది.

ఆ స్మారకంలో నన్ను కదిలించింది సాయంత్రం జరిగే కార్యక్రమం. చనిపోయిన ఒక సైనికుడి కుటుంబాన్ని పిలిపించి, వాళ్ల చేత పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. నేను వెళ్లిన రోజు ఒక పెద్దావిడ వచ్చింది. ఏ రాష్ట్రమో తెలియదు, భాష అర్థం కాలేదు. గుచ్ఛం పెట్టి వెనక్కి తిరగబోయి ఆగింది. చెప్పులు విప్పడం మర్చిపోయినట్టుంది. అవి విప్పి పక్కన పెట్టి, మళ్లీ వెళ్లి దండం పెట్టుకుంది. కవాతు చేసే జవాన్లు కదలకుండా ఆమె కోసం ఆగారు. కారంపూడి గుడిలో మన ఆడవాళ్లు ఎలా ఉంటారో అచ్చం అలాగే ఉంది.

మన తెలుగు నేల మీద కూడా గుర్తులున్నాయి. సూర్యాపేటలో కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఉంది. 2020 జూన్‌లో చైనా సరిహద్దులోని గల్వాన్‌లో ఆయనతో కలిపి ఇరవై మంది పోయారు. విశాఖ బీచ్‌లో 1971 విజయ స్మారకం ఉంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం ఊరికి మిలిటరీ మాధవరమనే పేరు, తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్లారు.

ఇక బతికి తిరిగొచ్చినవాళ్ల మాట. పిల్లలూ, మాజీ సైనికుడంటే తెల్లమీసాల తాతే అనుకోకండి. సిపాయిగా చేరినవాళ్లు చాలామంది నలభై నిండకముందే బయటికొస్తారు. పిల్లలు అప్పటికి హైస్కూల్లో ఉంటారు. నిన్నటిదాకా మంచు కొండల్లో కాపలా కాసినవాడు ఏటీఎం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. మీరు రోజూ ఆయన్ని దాటుకునే లోపలికి వెళ్తారు.

మా నాన్నని ఒక ఏడాది లైఫ్ సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకి తీసుకెళ్లాను. మూడు గంటలు లైన్లో నిలబడ్డాడు, కుర్చీ ఇస్తానన్నా కూర్చోలేదు. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే "నీ పేరేంటి తాతా?" అన్నాడు. నాన్న మడమలు రెండూ కలిపి, చేతులు నిటారుగా పెట్టి, నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ గట్టిగా చెప్పాడు. లైన్లో కొందరు నవ్వారు. నాన్నకి ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. వినపడలేదేమో అనుకుని రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాడు. ఇంటికొచ్చేదాకా నేను ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. ఇప్పటికీ ఆ నవ్వు నా చెవుల్లో ఉంది.

నాకిచ్చిన సమయంలో ఇంకా పది నిమిషాలున్నాయి. అవి నేను మాట్లాడను. ప్రిన్సిపాల్ గారిని అడిగి అనుమతి తీసుకున్నాను. ముందు వరుసలో పదకొండు మంది మాజీ సైనికులున్నారు, మరో ముగ్గురు అక్కలు తమ భర్తల ఫొటోలు తెచ్చుకున్నారు. మైకు వాళ్ల దగ్గరికి వస్తుంది. ఎన్‌సీసీ పిల్లలూ, మీ నోటుపుస్తకాలు తీయండి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మిగతావాళ్లందరూ దయచేసి లేచి నిలబడండి.

బాబాయ్, మీతో మొదలుపెడదాం. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్. గట్టిగా చెప్పండి.