కొయ్యకాళ్లకు నిప్పు పెట్టే ముందు

హోస్ట్: నమస్కారం. యాసంగి కోతలు అయిపోయాయి. ఇప్పుడు నల్గొండ, సూర్యాపేట వైపు సాయంత్రం పూట వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా పొగే. కోశాక మిగిలిన వరి కొయ్యకాళ్లు, పత్తి కట్టె, గట్ల మీది కంప, అన్నీ తగలబెట్టేస్తున్నారు. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన సార్ ఇవాళ మనతో ఉన్నారు. సార్, మన పొలంలో మనం నిప్పు పెట్టుకుంటే తప్పేంటి?

అతిథి: మన పొలంలోనే ఆగితే సగం గొడవ ఉండదమ్మా. ఆగదు. మే ఎండకి గడ్డి పెళపెళలాడుతుంటుంది, మధ్యాహ్నం గాలి ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. మంట గట్టు దాటితే పక్క రైతు డ్రిప్పు పైపులు, స్టార్టరు డబ్బా, గడ్డివాము, ఏదైనా పోవచ్చు. గట్టు మీద తాటిచెట్లుంటే అవీ కాలిపోతాయి. గీత కార్మికుడి బతుకంతా ఆ చెట్ల మీదే. తాటిచెట్టు కల్లుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ నష్టం ఎవరు కడతారు?

హోస్ట్: మనుషులు కూడా చనిపోతున్నారు కదా.

అతిథి: అదే నా బాధ. పెద్ద వయసు రైతు ఒక్కడే వెళ్లి నిప్పు పెడతాడు. పక్క చేనుకి పాకుతోందని కంగారుగా ఆర్పబోతాడు. పొగకి కళ్లు మూసుకుపోతాయి, ఊపిరాడదు, అక్కడే పడిపోతాడు. మన జిల్లాల్లో ఇలాంటి చావులు జరిగాయి.

హోస్ట్: చట్టం సంగతేంటి? పంజాబ్ వైపు పెద్ద జరిమానాలు అంటారు.

అతిథి: 2024 నవంబరులో కేంద్రం వాటిని పెంచింది. రెండెకరాల లోపు రైతుకి 5,000 రూపాయలు, ఐదెకరాల లోపు 10,000, ఆ పైన 30,000. అవి ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలకు. అలాగని మనం ధీమాగా ఉండకూడదు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 287వ సెక్షన్ దేశమంతటా ఉంది. నిప్పు విషయంలో నిర్లక్ష్యంగా ఉండి ఇంకొకరి ప్రాణం మీదికి తెస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నల్లమల అంచున పొలం ఉన్నవాళ్లయితే మరీ జాగ్రత్త. రిజర్వు ఫారెస్టులోకి మంట పాకితే అటవీ చట్టం కింద కేసవుతుంది.

హోస్ట్: కానీ కోత మిషన్ గడ్డిని చిందరవందరగా వదిలి పోతుంది. దున్నితే నాగలికి చుట్టుకుంటుంది, కూలి రేట్లు చూస్తే టెన్షన్. రైతు ఏం చేయాలి?

అతిథి: ఆ ఇబ్బంది నిజమే. పంజాబ్‌లో వరి కోసిన రెండు మూడు వారాల్లో గోధుమ వేసుకోవాలి. మనకి వానాకాలం పంట తర్వాత తొందర ఉంటుంది గానీ, యాసంగి తర్వాత తొలకరి దాకా టైముంది. అందుకే వేసవిలో కాల్చడం నాకు మింగుడు పడదు. బేలర్ దొరికితే గడ్డి కట్టలు కట్టించి పశువులున్నవాళ్లకి ఇవ్వొచ్చు. మిగిలినదాన్ని పొలం తడిశాక ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు చల్లి రొటావేటర్‌తో కలియదున్నాలి. పొడి నేలలో దున్నితే గడ్డి కుళ్లదు. చాలామంది విసిగిపోయేది అక్కడే. టన్ను గడ్డి కాలిస్తే దాదాపు 5.5 కిలోల నత్రజని పోతుంది. ఎకరాకు రెండు టన్నులనుకుంటే, 45 కిలోల యూరియా బస్తాలో సగం తగలబెట్టినట్టే.

హోస్ట్: పత్తి కట్టె కూడా అంతేనా?

అతిథి: కాదు, అది వేరు. కట్టెకి మిగిలిన పగలని కాయల్లో గులాబీ రంగు పురుగు ఉంటుంది. గట్టున కుప్ప పోసి జూన్ దాకా ఉంచితే కొత్త పంటకి అంటుకుంటుంది. ఒకప్పుడు పీకి కాల్చేయమని చెప్పింది అందుకే. ఇప్పుడు ష్రెడర్లొచ్చాయి. నలుగురు రైతులు కలిసి అద్దెకి తెచ్చుకుని, ముక్కలు చేసి దున్నేయొచ్చు.

హోస్ట్: తుమ్మ కంప, తెగులు కొమ్మలు? కాల్చక తప్పదనుకుంటే?

అతిథి: పక్క రైతుకి ముందు చెప్పాలి. కుప్ప చిన్నగా వేసి, చుట్టూ దున్ని మట్టి తేలేలా చేయాలి. కరెంటు తీగల కింద, చెట్ల కింద వద్దు. గాలి లేని ఉదయం పూట, ఇద్దరు మనుషులు, డ్రమ్ముతో నీళ్లు, మంట కొట్టి ఆర్పడానికి చేతిలో పచ్చి కొమ్మలు ఉండాలి. మంట పోయాక బూడిద మీద నీళ్లు పోసి కలిపి, పొగ పూర్తిగా ఆగాకే ఇంటికి రావాలి. మంట చెయ్యి దాటితే వెంటనే 101కి ఫోన్ చేయాలి, లోపలికి మాత్రం దూకకూడదు.

హోస్ట్: టౌన్‌లో ఇంటి ముందు ఆకులు ఊడ్చి కాల్చేవాళ్లకి?

అతిథి: ఆ కుప్పలో ప్లాస్టిక్ కవర్లు కూడా ఉంటాయి. ఆ పొగంతా వీధి పిల్లలే పీలుస్తారు. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000, భారీగా కాలిస్తే 25,000 రూపాయలు కట్టాలని పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రైబ్యునల్ 2016 డిసెంబరులోనే దేశమంతటికీ ఆదేశమిచ్చింది. పెరట్లో ఒక గుంట తీసి ఆకులేసి, పైన కాస్త పేడనీళ్లు చల్లితే కొన్ని నెలల్లో మొక్కలకి ఎరువవుతుంది.

హోస్ట్: థాంక్యూ సార్. వింటున్న రైతులు బేలర్, ష్రెడర్ అద్దెకి ఎక్కడ దొరుకుతాయో రైతు వేదికలో మీ ఏఈఓని, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి.