సర్వర్ గదిలో ఏసీ ఆగాక ఎన్ని నిమిషాలు?

అందరికీ నమస్కారం.

ముందు ఒక ఆదివారం సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో సర్వర్లు, అంటే రికార్డులన్నీ ఉండే, రాత్రీ పగలూ నడిచే కంప్యూటర్లు, చూసుకునేవాణ్ణి. మే నెల. శనివారం రాత్రి గాలివానకి కరెంటు పోయింది. బ్యాటరీలతో నడిపే యూపీఎస్ అందుకుంది, కాసేపటికి జనరేటర్ స్టార్టయింది, తెల్లారేసరికి కరెంటూ వచ్చేసింది. అన్నీ అనుకున్నట్టే జరిగాయి, ఏసీ ఒక్కటి తప్ప. కరెంటు వచ్చినా దానంతటది ఆన్ అయ్యే రకం కాదది, రిమోట్ నొక్కాలి. రిమోట్ నా టేబుల్ సొరుగులో ఉంది. సొరుగు తాళం నా జేబులో ఉంది. నేను మా మేనమామ కూతురి పెళ్ళిలో, పంక్తిలో కూర్చుని ఉన్నాను.

పదకొండింటికి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, మీ కంప్యూటర్ గదిలో ఏదో మోటారు అరుస్తోందండీ" అన్నాడు. అక్కడ మోటారేం లేదు. వేడి తట్టుకోలేక సర్వర్ ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడందుకున్నాయి. నేను వెళ్ళి తలుపు పిడి పట్టుకుంటే పొయ్యి మీది గిన్నె పట్టుకున్నట్టే ఉంది. ఐదు హార్డ్ డిస్కుల్లో ఒకటి పోతే తట్టుకునే ఏర్పాటు ఉంది మాకు. పోయినవి రెండు. శుక్రవారం బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయాం. శనివారం రికార్డులన్నీ కాగితాలు చూసి మళ్ళీ టైప్ చేయించాం.

కరెంటు పోతే ఏం చేయాలో అందరి దగ్గరా ప్లాన్ ఉంటుంది. చల్లదనం పోతే ఏం చేయాలో ఉండదు. చాలాచోట్ల యూపీఎస్ మీద సర్వర్లు ఉంటాయి, ఏసీ ఉండదు. అంత లోడు యూపీఎస్ మోయలేదు మరి. జనరేటర్ అందుకోకపోయిందా, బ్యాటరీలు ఎంత పెద్దవైతే సర్వర్లు అంతసేపు ఆ మూసిన గదిలో ఉడుకుతాయి.

ఎంత టైం ఉంటుందో లెక్క వేద్దాం. సర్వర్ తినే కరెంటు దాదాపు అంతా వేడిగానే బయటికొస్తుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గది అనుకోండి. అందులో గాలి బరువు సుమారు 40 కిలోలు. 5 కిలోవాట్ల సామాను నడుస్తుంటే, ఒక్క గాలినే లెక్కలోకి తీసుకుంటే, ఎనిమిది సెకన్లకి ఒక డిగ్రీ పెరుగుతుంది. అంటే 24 నుంచి 40కి రెండు నిమిషాలు. గోడలు, ర్యాకులు (సర్వర్లు అమర్చే ఇనప చట్రాలు) కొంత వేడి పీల్చుకుంటాయి కాబట్టి నిజంగా ఇంకాస్త టైం దొరుకుతుంది. ఆ 'ఇంకాస్త' మీ గదిలో ఎంతో ఏ పుస్తకంలోనూ ఉండదు. మీరే కొలవాలి.

కొలవడం కష్టమేం కాదు. పని తక్కువగా ఉన్న ఒక ఆదివారం, ముందు బ్యాకప్ తీసుకుని, ఏసీ ఆపి, వాచీ పట్టుకుని అక్కడే కూర్చోండి. థర్మామీటర్ గోడకి కాదు, సర్వర్ ముందు భాగంలో గాలి లోపలికి వెళ్ళే చోట పెట్టండి. అక్కడ 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది అమెరికాలోని ఆష్రే అనే ఏసీ ఇంజినీర్ల సంస్థ సిఫారసు. 32 దాటగానే ఏసీ ఆన్ చేసేయండి. 27 నుంచి 32కి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఆదివారం తీసిన లెక్క కదా, సోమవారం లోడులో అంతకంటే తక్కువే దొరుకుతుందని గుర్తుంచుకోండి.

"మాకు రెండు ఏసీలు ఉన్నాయి సార్" అంటారు. ఉండొచ్చు. రెండూ ఒకే ఫేజ్ మీద ఉన్నాయా? ఔట్‌డోర్ యూనిట్లు రెండూ పడమటి గోడకే ఉన్నాయా? ఒకదాని వేడిగాలి ఇంకోదాని మూతికి కొడుతోందా?

2022 జులై 19న లండన్‌లో జరిగింది చూడండి. ఆ రోజు ఇంగ్లండ్‌లో 40.3 డిగ్రీలు నమోదైంది. మనకి అది మే నెలలో కాస్త చల్లబడిన రోజు, వాళ్ళకి చరిత్రలోనే లేనంత ఎండ. గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రులకి రెండు డేటా సెంటర్లు (సర్వర్లన్నీ ఒకచోట ఉంచే కేంద్రాలు) ఉన్నాయి, ఒకటి పోతే రెండోది ఆదుకోవాలని. ఒకే రోజు రెండింటి కూలింగూ పోయింది. డాక్టర్లు కాగితం, పెన్ను పట్టుకున్నారు. కొన్ని సిస్టమ్‌లు మామూలు కావడానికి వారాలు పట్టింది.

సింగపూర్‌ది ఇంకో రకం. 2023 అక్టోబర్ 14న అక్కడి ఒక డేటా సెంటర్‌లో ఎండ దెబ్బేం లేదు. కూలింగ్ పనులు చేస్తున్న కాంట్రాక్టరు మనిషి చల్లటి నీళ్ళ ట్యాంకుల వాల్వులు మూసేసే సిగ్నల్ పొరపాటున పంపాడు. డీబీఎస్, సిటీ బ్యాంకుల సర్వీసులు ఆగిపోయాయి. రెండింటికీ వేరేచోట బ్యాకప్ సెంటర్లు ఉన్నాయి, కానీ డీబీఎస్‌కి నెట్‌వర్క్ సెట్టింగుల తప్పు వల్ల, సిటీకి కనెక్షన్ ఇబ్బందుల వల్ల అవి అనుకున్నట్టు అందుకోలేదు. సుమారు 25 లక్షల లావాదేవీలు నిలిచిపోయాయి. రెండోది కొనడానికి డబ్బు పెట్టారు. అది పనిచేస్తుందో లేదో తెలిసింది మాత్రం ఆ రోజే.

మన చిన్న గదులకి వస్తే, నేను చూసినంతలో ఖరీదైన జబ్బులు తక్కువ. డ్రెయిన్ పైపు మూసుకుపోయి నీళ్ళు ర్యాక్ మీద కారడం, స్టెబిలైజర్ కాలిపోవడం, ఔట్‌డోర్ యూనిట్ మీద పావురం గూడు... ఇవే ఎక్కువ. ఇంట్లో వాడే స్ప్లిట్ ఏసీని ఇరవై నాలుగ్గంటలు నడిపిస్తూ ఏడాదికోసారి సర్వీసంటే సరిపోదు. కొత్తది కొనేటప్పుడు కరెంటు రాగానే తిరిగి మొదలవుతుందో లేదో షాపులో కాదు, మీ గదిలో మెయిన్ ఆపి, వేసి చూడండి. వెంటనే రాకపోతే కంగారు పడకండి, కంప్రెసర్ అందుకోవడానికి ఓ మూడు నిమిషాలు పడుతుంది.

ఇక అసలు ప్లాన్. గది వేడెక్కుతుంటే ముందు ఏది ఆపాలి? టెస్టింగ్ సర్వర్, సీసీ కెమెరా రికార్డర్, పాత రిపోర్టుల మెషిన్, ఇలా మీ వరస మీరు రాసుకోవాలి. సగం లోడు ఆపితే వేడి పుట్టడం సగానికి తగ్గుతుంది, చేతిలో ఉన్న టైం పెరుగుతుంది. ఏది చివరిదాకా ఉండాలన్నది మాత్రం మనం తేల్చేది కాదు, ల్యాబూ బిల్లింగూ కూర్చుని తేల్చుకోవాలి. ఆ మీటింగులో గొడవవుతుంది. ఎవరి మెషిన్ వాళ్ళకి ముఖ్యం కదా.

ఆ ఆదివారం తర్వాత మేము వరస రాసి తలుపుకి అంటించాం. తెలుగులో, పెద్ద అక్షరాలతో. ఒక్కో స్విచ్‌కి రంగు స్టిక్కర్, పక్కన మూడు ఫోన్ నంబర్లు. రిమోట్‌ని దారంతో గోడకి కట్టాం. కాగితం తయారవడానికి ఒక పూట పట్టింది. "ఈ డిగ్రీ దాటితే ఎవరినీ అడగకుండా ఆపేయొచ్చు" అన్న లైను కింద సూపరింటెండెంట్ సంతకం పడడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ సంతకం లేనిదే స్విచ్ ముట్టనన్నాడు మా వాచ్‌మన్. నేనైనా అదే అనేవాణ్ణి.