'యూ రియల్లీ గాట్ మీ' రిఫ్ పాఠం: బ్లేడుతో కోసిన స్పీకర్, అర మాత్ర ముందే వచ్చే దెబ్బ

అందరికీ నమస్కారం. ద కింక్స్ అనే లండన్ బృందం 1964లో విడుదల చేసిన 'యూ రియల్లీ గాట్ మీ' అనే పాటలోని గిటార్ రిఫ్‌ను, అంటే పాటంతా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ ముక్కను, ఈ వీడియోలో నేర్చుకుందాం, నేర్చుకుంటూనే ఆ పాట వెనుక ఉన్న కథను కూడా చెప్పుకుందాం. ముందుగా ఒకసారి వాయించి వినిపిస్తాను, మీరు నా ఎడమ చేతిని మాత్రమే గమనించండి.

విన్నారు కదా. ఉన్నవి ఐదు దెబ్బలు, రెండే కార్డులు (కార్డ్ అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు). ఇంత చిన్న ముక్క మీద ఒక పాట మొత్తం నిలబడింది.

చేతివేళ్ల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే తెరపై అంతా కనిపిస్తూనే ఉంది. ఆరో తీగపై, అంటే అన్నిటికంటే లావు తీగపై, మొదటి ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది లోహపు గీతల మధ్య గడిలో) చూపుడు వేలు, ఐదు, నాలుగు తీగలపై మూడో ఫ్రెట్‌లో ఉంగరపు వేలు, చిటికెన వేలు. ఇది ఎఫ్ పవర్ కార్డ్, అంటే రెండే స్వరాలతో కట్టిన కార్డ్. చేతి ఆకారాన్ని మార్చకుండా రెండు ఫ్రెట్లు ముందుకు జరిపితే అదే జీ. ఎఫ్, జీ. జీ, ఎఫ్, జీ. పాట ముందుకు సాగినప్పుడు ఇదే ఆకారం జీ, 'ఏ' కార్డుల మీదికీ, ఆ తర్వాత సీ, డీ కార్డుల మీదికీ జరుగుతుంది, అంతకు మించి ఎడమ చేతికి పెద్ద పనేమీ లేదు.

ఈ రిఫ్ గిటార్ మీద పుట్టలేదు అన్న విషయం చాలామందికి తెలియదు. ఉత్తర లండన్‌లో మస్వెల్ హిల్ దగ్గర ఫోర్టిస్ గ్రీన్ అనే చోట డేవీస్ కుటుంబం ఉండేది, వారికి ఆరుగురు ఆడపిల్లల తర్వాత రే, డేవ్ అనే ఇద్దరు మగపిల్లలు పుట్టారు, కింక్స్‌లోని అన్నదమ్ములు వీరే. ఆ ఇంటి ముందు గదిలో ఉన్న పియానో మీద అన్న రే ఈ పాటను కట్టాడు. అతనికి అప్పట్లో జాజ్ అంటే ఇష్టం కాబట్టి, ఈ రిఫ్ సాక్సోఫోన్ మీద తాపీగా వినిపించే ముక్క అవుతుందని అనుకున్నాడు. దాన్ని తమ్ముడు డేవ్ తన గిటార్ మీదికి తీసుకున్నాడు. డేవ్ వయసు అప్పటికి 17 ఏళ్లు. సాక్సోఫోన్‌కు అనుకున్న ముక్క గిటార్ మీద పవర్ కార్డులుగా మారడంతో పాట స్వభావమే మారిపోయింది.

ఇప్పుడు శబ్దం దగ్గరికి వద్దాం. ఇదిగో, నా గిటార్‌ను ఏ మార్పూ లేకుండా వాయిస్తే ఇలా వినిపిస్తుంది. శుభ్రంగా, మర్యాదగా ఉంది కదా, మనకు కావలసింది ఇది కాదు. డేవ్ దగ్గర ఎల్పికో అనే పేరుగల ఒక చిన్న ఆకుపచ్చ రంగు ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) ఉండేది. దాని శబ్దం నచ్చక, ఒకరోజు అతను బ్లేడు తీసుకుని లోపలి స్పీకర్ కాగితాన్ని మధ్య నుంచి అంచు వరకు చీలికలుగా కోశాడు. కాగితం పూర్తిగా ఊడిపోకుండా, చీలికలు చీలికలుగా వేలాడుతూ అదురుతుంటే వచ్చిన గరగర శబ్దం అతనికి నచ్చింది.

కథ చెప్పేవారు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. నేనూ ఇక్కడి వరకే విని, ఇంట్లో మూలన పడి ఉన్న పాత టేప్ రికార్డర్ స్పీకర్‌ను బ్లేడుతో కోశాను. వచ్చింది రాక్ శబ్దం కాదు, పగిలిన పళ్లెం మీద చెంచా ఆడించినట్టుగా ఒక గిలగిల. రెండు రోజులకు ఆ స్పీకర్ పూర్తిగా మూగబోయింది. నేను వినని సగం కథ ఏమిటంటే, డేవ్ ఆ చిన్న ఆంప్‌ను ఒంటరిగా వాడలేదు, దాని నుంచి వచ్చే శబ్దాన్ని వాక్స్ ఏసీ 30 అనే పెద్ద ఆంప్‌లోకి పంపాడు. అంటే చిన్న ఆంప్ తన శక్తికి మించి పనిచేస్తూ శబ్దాన్ని నలిపితే, నలిగిన ఆ శబ్దాన్నే పెద్ద ఆంప్ మరింత పెంచి బయటికి పంపింది. బ్లేడు గరగరను ఇచ్చింది, బరువును ఇచ్చింది మాత్రం ఈ జంట ఆంప్‌ల అమరికే అని నా అభిప్రాయం.

ఒక్క హెచ్చరిక, దయచేసి దీన్ని దాటవేయకండి. ఒక ఆంప్ స్పీకర్ అవుట్‌పుట్‌ను మరొక ఆంప్ ఇన్‌పుట్‌లోకి మీరు నేరుగా కలపకండి. ఆంప్ పాడైపోతుంది, పైగా వాల్వ్ (గాజు గొట్టాల) ఆంప్‌ల లోపల ప్రాణం తీసేంత వోల్టేజ్ ఉంటుంది. మనం అదే పనిని కంప్యూటర్‌లో చేద్దాం. తెరపై చూడండి, ఒకే ట్రాక్ మీద రెండు ఆంప్ ప్లగిన్‌లను, అంటే ఆంప్ శబ్దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లను, ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. మొదటిది చిన్న ఆంప్, దాని గెయిన్ (లోపలికి వచ్చే శబ్దాన్ని పెంచే మీట) పూర్తిగా పెంచాను, బేస్ (మంద్ర శబ్దం) సగానికి పైగా తగ్గించాను. రెండవది పెద్ద ఆంప్, దాని గెయిన్ మధ్యలోనే ఉంచాను. ఇప్పుడు వినండి. తేడా తెలిసింది కదా. చాలామంది ఇక్కడ నేరుగా ఫజ్ పెడల్ (శబ్దాన్ని గరగరలాడించే, కాలితో నొక్కే చిన్న పెట్టె) వాడతారు, అది తప్పేమీ కాదు, కానీ ఫజ్ పెడల్ శబ్దం మరీ తేనెటీగల గుంపులా ఉంటుంది కాబట్టి ఈ పాటకు నేను రెండు ఆంప్‌ల పద్ధతినే ఇష్టపడతాను.

స్పీకర్‌ను పాడుచేసి శబ్దం రాబట్టిన మొదటి వ్యక్తి డేవ్ కాదు అన్న సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో లింక్ రే తన 'రంబుల్' అనే పాట కోసం ఆంప్ స్పీకర్‌కు పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు, ఆ పాట 1958లో వచ్చింది. అయితే అలాంటి శబ్దంతో ఒక బృందం బ్రిటన్ పాటల అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరడం అప్పటికి కొత్త విషయం.

ఇప్పుడు నన్ను దాదాపు నెల రోజులు ఏడిపించిన అడుగు దగ్గరికి వచ్చాం. ఇక్కడ కొంచెం నిదానంగా వెళతాను, ఒకటికి రెండుసార్లు చెబుతాను, ఓపిక పట్టండి. రికార్డులో మొదట గిటార్ ఒక్కటే వినిపిస్తుంది, డ్రమ్స్ తర్వాత వస్తాయి. గిటార్ ఒక్కటే వినిపిస్తున్నప్పుడు మన చెవి మొదటి దెబ్బనే 'ఒకటి' అని లెక్కపెట్టుకుంటుంది. నేనూ అలాగే లెక్కపెట్టుకుని నెల రోజులు సాధన చేశాను, డ్రమ్స్ వాయించే స్నేహితుడితో కలిసిన ప్రతిసారీ ఇద్దరం చెరో దారిన పోయేవాళ్లం, నేను తప్పంతా అతనిదే అనుకునేవాడిని. తప్పు నాదే.

తెరపై ఎనిమిది గళ్లు గీశాను. ఒకటి, మరి, రెండు, మరి, మూడు, మరి, నాలుగు, మరి. మొదటి ఎఫ్ ఎక్కడుందో చూడండి, అది మొదటి గడిలో లేదు, చివరి గడిలో ఉంది. నాలుగు తర్వాత వచ్చే 'మరి' మీద ఎఫ్, ఆ తర్వాత 'ఒకటి' మీద జీ. ఒక గడి ఖాళీ. 'రెండు' మీద జీ, దాని 'మరి' మీద ఎఫ్, 'మూడు' మీద జీ. తర్వాతి రెండు గళ్లలో చేతితో తీగలను మూసేయాలి. మళ్లీ చివరి గడిలో ఎఫ్. కర్ణాటక సంగీతం కొంత నేర్చుకున్నవారికి ఒక్క మాటలో చెప్పవచ్చు, ఇది అతీత గ్రహం, పాట తాళం కంటే ముందే ఎత్తుకుంటుంది. నాకు ఆ మాట స్ఫురించిన రోజునే ఈ రిఫ్ చేతికి వచ్చింది.

చేతితో తాళం వేస్తూ నోటితో అనండి: ఎఫ్-జీ... జీ-ఎఫ్-జీ. తాళం దెబ్బ జీ మీద పడాలి, ఎఫ్ మీద కాదు. మరోసారి చెబుతున్నాను, దెబ్బ జీ మీద పడాలి. నోటితో కుదిరిన తర్వాతనే గిటార్ పట్టుకోండి. అసలు రికార్డుతో సాధన చేయాలనుకుంటే, యూట్యూబ్‌లో షిఫ్ట్, కామా కీలను కలిపి నొక్కితే వేగం తగ్గుతుంది. నేను మౌస్‌తో మెనూల్లో వెతకను, ఆ రెండు కీలతోనే పని ముగిస్తాను. 0.75 వేగం దగ్గర మొదలుపెడితే సరిపోతుంది.

మీరు ఈ సాధన చేస్తూ ఉండగా రికార్డింగ్ కథ చెబుతాను. కింక్స్ బృందం అంతకు ముందు విడుదల చేసిన రెండు రికార్డులూ అమ్ముడుపోలేదు కాబట్టి, ఈ మూడవది కూడా పోతే వారి కథ అక్కడితో ముగిసేదే. అయినా ఈ పాటను నిర్మాత షెల్ టాల్మీతో మొదటిసారి రికార్డు చేసినప్పుడు, అది నెమ్మదిగా, ప్రతిధ్వనిలో మునిగిపోయినట్టుగా వచ్చిందని రే ఒప్పుకోలేదు. రెండోసారి ఖర్చు పెట్టడానికి 'పై రికార్డ్స్' అనే కంపెనీ ఇష్టపడలేదు, రే పట్టు వదలలేదు. చివరికి 1964 జులైలో లండన్‌లోని ఐబీసీ స్టూడియోలో పాటను మళ్లీ రికార్డు చేశారు. డ్రమ్స్‌ను బాబీ గ్రాహమ్ అనే స్టూడియో వాద్యకారుడు వాయించగా, బృందంలోని డ్రమ్మర్ మిక్ ఏవరీ చేతికి టాంబరిన్ (గజ్జెలున్న చిన్న డప్పు) వచ్చింది. అప్పటికే రెండు రికార్డులు విఫలమైన ఇరవై ఏళ్ల కుర్రవాడు రే కంపెనీ మాటను కాదని నిలబడకపోయి ఉంటే, ఇప్పుడు మనం సాధన చేస్తున్న ఈ వేగం, ఈ కరకుదనం రికార్డు మీదికి ఎక్కేవి కావు.

ఇక సోలో, అంటే గిటార్ ముందుకొచ్చి వాయించే భాగం. తర్వాత లెడ్ జెప్పెలిన్‌తో ప్రపంచ ప్రసిద్ధుడైన జిమ్మీ పేజ్ అప్పట్లో స్టూడియోల్లో గిటార్ వాయించేవాడు కాబట్టి, ఈ సోలో కూడా అతనిదే అనే పుకారు చాలాకాలం తిరిగింది. పేజ్ స్వయంగా కాదన్నాడు, నిర్మాత టాల్మీ కూడా అది డేవ్ వాయించినదే అని చెప్పాడు. సోలోకు ముందు డ్రమ్స్ మాత్రమే వినిపించే చిన్న విరామం ఉంది, దాన్ని హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. రే చెప్పిన ప్రకారం, అక్కడ తమ్ముడిని ఉత్సాహపరచడానికి అతను స్టూడియో అవతలి నుంచి కేక వేయగా, ఏకాగ్రత చెడిన డేవ్ తిరిగి ఒక బూతు మాట అన్నాడు. అది రికార్డులో పడిపోవడంతో, గాత్రం పాడేటప్పుడు రే దాని మీద 'ఓ నో' అని అరిచి కప్పేయడానికి ప్రయత్నించాడు. ఇదిగో, ఆ చోటు ఎక్కడో తెరపై గుర్తు పెట్టాను.

ఆగస్టు 4న పాట విడుదలైంది, సెప్టెంబరులో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది, అమెరికాలో ఏడవ స్థానం వరకు వెళ్లింది.

ఇప్పుడు గిటార్ తీసుకోండి. డ్రమ్స్ ట్రాక్‌ను పెడుతున్నాను, నాలుగు అంకెలు లెక్కపెడతాను, నాలుగు తర్వాత 'మరి' దగ్గర మీ ఎఫ్ పడాలి, ఆ తర్వాతి దెబ్బ డ్రమ్‌తో పాటు పడాలి. సిద్ధమా. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మరి...