పందొమ్మిదో పేరా

శ్రోతలకు నమస్కారం.

పొద్దున షిఫ్టు టైములో జడ్చర్ల పోలేపల్లి వైపో, చౌటుప్పల్ హైవే మీదో వెళ్లేవాళ్లకు మందుల కంపెనీల బస్సులు కొత్తేం కాదు. వాటిలో ప్రొడక్షన్, క్వాలిటీ, ప్యాకింగ్ పనులకు పోయే పిల్లలు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. బ్యాగు పట్టుకుని డాక్టరు గది బయట నిలబడే రెప్‌లనూ చూస్తూనే ఉంటారు. నాది ఈ రెండూ కాని ఉద్యోగం. ఒక మందుల కంపెనీలో ఆరోగ్య విధానాల విభాగం చూస్తాను. మందుల మీద ప్రభుత్వం ఏ రూలు తెచ్చినా, ఏ జాబితా మార్చినా దాన్ని చదివి, లెక్కలు కట్టి, కంపెనీ తరఫున మాట్లాడటం మా టీమ్ పని. ఇది విని మా పెద్దనాయన, "అంటే ఢిల్లీల పైరవి చేస్తవన్నట్టు" అన్నాడు. పూర్తిగా కాదనలేను. జీతమిచ్చేది కంపెనీ. దాని లాభనష్టాలు చూసుకోకుండా మా ఆఫీసు నుంచి ఒక్క ఉత్తరం కూడా బయటికి పోదు. నా మాట ఎంతవరకు నమ్మాలో ఇది తెలిశాక మీరే తేల్చుకోండి.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాల్లో మొదలైంది, అందులో మన మహబూబ్‌నగర్ ఒకటి. ఆపరేషన్ పడితే కార్డు ఉందిలే అనే ధైర్యం అప్పటి నుంచి వచ్చింది. బీపీ గోలీ, షుగర్ గోలీ సంగతి వేరు. సర్కారు దవాఖానలో దొరికిన నెల సరే, లేని నెల మెడికల్ షాపే దిక్కు. కల్వకుర్తిలోనో దేవరకొండలోనో షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. "ఐదు గోలీలియ్యి సేటు, సంతనాడు మళ్లొస్త" అంటారు. అతను కత్తెర తీసి షీటును సగానికి కత్తిరిస్తాడు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న సగం షాపులోనే ఉండిపోతుంది. ఆ ఐదు గోలీల ధర మా ఫైళ్లలో ఎట్లా తేలుతుందో చెప్తాను.

కేంద్రం దగ్గర అత్యవసర మందుల జాబితా ఉంటుంది. 2022 సెప్టెంబరులో వచ్చిన జాబితాలో 384 మందులున్నాయి. 34 కొత్తగా చేరాయి, 26 పోయాయి. జాబితాలోని మందుకు గరిష్ఠ ధర కట్టేది జాతీయ ఔషధ ధరల సంస్థ. 2013 నాటి ధరల ఉత్తర్వు ప్రకారం, మార్కెట్లో కనీసం ఒక శాతం వాటా ఉన్న బ్రాండ్లన్నీ షాపుకు ఏ ధరకు అమ్ముతున్నాయో సగటు తీస్తారు. దానికి షాపువాళ్ల లాభం 16 శాతం కలుపుతారు. తయారీకి ఎంత ఖర్చయిందని అడగరు. పాత పద్ధతిలో అడిగేవారు, ఇప్పుడు లేదు. ఏటా టోకు ధరల సూచీ ఎంత కదిలితే ఈ ధర కూడా అంతే కదులుతుంది. జాబితాలో లేని మందుకు ఈ గరిష్ఠ ధర వర్తించదు, కంపెనీ ఏడాదికి పది శాతం వరకు పెంచుకోవచ్చు. అందుకే ఒక మందు జాబితాలోకి వస్తుందా రాదా, ఏ మోతాదు వస్తుంది అనే దగ్గరే అసలు కొట్లాట. ముసాయిదా మీద అభిప్రాయాలు పంపండని ప్రభుత్వం అడిగినప్పుడు కంపెనీల నుంచి కట్టలు కట్టలు వెళ్తాయి. ఆ గోలీ మింగేవాళ్ల నుంచి దాదాపు ఏమీ వెళ్లదు.

ఆ ఉత్తర్వులో పందొమ్మిదో పేరా ఒకటుంది. అసాధారణ పరిస్థితి వస్తే, ప్రజాప్రయోజనం కోసం, మామూలు లెక్కను పక్కనపెట్టి ధర మార్చే అధికారం అది. 2017 ఆగస్టులో మోకాలి మార్పిడిలో పెట్టే ఇంప్లాంట్ల, అంటే కృత్రిమ కీళ్ల, ధరలు దించింది ఈ పేరా కిందే. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకం అప్పటిదాకా సగటున లక్షన్నర పైన ఉండేది, పన్ను కాకుండా 54,720 రూపాయలకు దిగింది. కంపెనీలు గోల పెట్టాయి. జనం సంతోషించారు, న్యాయమే.

2024 అక్టోబరులో అదే పేరా కింద ఎనిమిది మందుల ధరలు 50 శాతం పెంచారు. పేపర్లో చూసినవాళ్లకు 'చూశావా, కంపెనీలకు దోచిపెట్టారు' అనిపించి ఉంటుంది. ఆ ఎనిమిదిలో అట్రోపిన్ ఇంజెక్షన్ ఉంది. పత్తికి మందు కొట్టే మన నల్లగొండ, పాలమూరు రైతులకు దీని పేరు తెలియకపోవచ్చు. పని మాత్రం తెలుసు. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుల మందు ఒంట్లోకి పోతే నోట్లో నురగ వస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, నాడి పడిపోతుంది. ఎమర్జెన్సీ వార్డులో డాక్టరు అట్రోపిన్ ఎక్కించి, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వింటాడు. గురగుర తగ్గకపోతే మళ్లీ ఎక్కిస్తాడు. ఒక్క మనిషికే డజన్ల కొద్దీ ఆంప్యూళ్లు, అంటే ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు సీసాలు, ఖర్చవుతాయి. ఒక్కో ఆంప్యూల్ ధర మాత్రం హోటల్లో టీ కన్నా తక్కువ.

ముడిసరుకు ధర పెరిగి, రూపాయి విలువ పడి, అమ్మిన ధర తయారీకే చాలకపోతే కంపెనీ ఏం చేస్తుంది? గోల పెట్టదు, చప్పుడు లేకుండా ఆ లైను ఆపేసి ఇంకో మందు చేసుకుంటుంది. ఈ మందుల్లో కొన్నింటిని ఆపేస్తామని కంపెనీలు నిజంగానే దరఖాస్తులు పెట్టుకున్నాయి. టీబీకి వాడే స్ట్రెప్టోమైసిన్, తలసేమియా పిల్లల ఒంట్లో పేరుకున్న ఐరన్ తీసే డెస్‌ఫెరియాక్సమిన్ కూడా ఆ ఎనిమిదిలోవే. అర్ధరాత్రి వార్డులో లేని మందు ఎంత చవకైతే ఏం లాభం? ధర పెంచమని అడగడం ప్రతిసారీ దోపిడీ కాదని నేననేది అందుకే. ప్రతిసారీ న్యాయమూ కాదు. నష్టం వస్తోందని రాసే ఉత్తరాల్లో నిజంగా నష్టం వచ్చేవీ ఉంటాయి, లాభం తగ్గిందని ఏడ్చేవీ ఉంటాయి. రెండూ ఒకే భాషలో ఉంటాయి కాబట్టే వాటిని విడదీయడం అధికారులకు కష్టం.

రోగులు నేరుగా అడిగినప్పుడు ఏమవుతుందో కూడా చెప్పాలి. మొండి టీబీకి వాడే బెడాక్విలిన్ మీద పేటెంటును, అంటే ఆ మందును ఇంకెవరూ చేసి అమ్మకుండా ఆపే హక్కును, పొడిగించుకోవాలని ఒక పెద్ద కంపెనీ ఇక్కడ ఇంకో దరఖాస్తు పెట్టింది. మన దేశానికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే దాన్ని వ్యతిరేకించారు. ఇద్దరూ టీబీ నుంచి బయటపడినవాళ్లే, టీబీ మందుల దుష్ప్రభావంతో వినికిడి పోగొట్టుకున్నవాళ్లే. 2023 మార్చిలో పేటెంటు ఆఫీసు కంపెనీ దరఖాస్తును కొట్టేసింది. మాలాంటి విభాగాలకు అదొక పాఠం. రోగుల సంఘాల పేరుతో జరిగే మీటింగులన్నీ ఇట్లాంటివే అనుకోకండి. హాలు కిరాయి ఎవరు కట్టారో ఒక్కసారి అడగండి. కంపెనీ కట్టినంత మాత్రాన వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, కానీ అడగడం మంచిది.

మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఫార్మా సహీ దామ్ అనే ప్రభుత్వ యాప్‌లో మందు పేరు కొడితే గరిష్ఠ ధర కనిపిస్తుంది. షాపులో బిల్లు అడిగి తీసుకోండి. ఐదు గోలీలే కొన్నా, షీటు మీది పేరు, తేదీ ఫోనులో ఫొటో తీసుకోండి. ఎక్కువ ధర తీసుకున్నా, మందు దొరకకపోయినా ఫార్మా జన్ సమాధాన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దొరకడం లేదన్న ఫిర్యాదు కూడా పెట్టవచ్చని చాలామందికి తెలియదు. మందు కరువవుతోందని మేం రాసిన ఉత్తరం పక్కనే మీ జిల్లా నుంచి వచ్చిన ఫిర్యాదులుంటే, మా మాటలో నిజమెంతో ఢిల్లీలో ఫైలు చూసే అధికారికి తెలుస్తుంది. లేకపోతే ఆయన ముందు ఉండేది మా లెక్క ఒక్కటే. నమస్కారం.