వెనక్కి వాలి తొక్కే సైకిల్: ఏ నొప్పికి ఏ సీటు

శ్రోతలందరికీ నమస్కారం.

నడుము నొప్పి, మెడ అరుగుదల, మణికట్టు తిమ్మిరి, మోకాళ్ళ వాపు వంటి బాధలు మొదలైనవారు ముందుగా మానేసే వాటిలో సైకిల్ ఒకటి. కాళ్ళలో సత్తువ తగ్గడమే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు కానీ, ఫిజియోథెరపిస్టుగా నేను చూసినంతవరకు అసలు ఇబ్బంది కూర్చునే తీరులో ఉంటుంది. మామూలు సైకిల్ మీద ఒంటి బరువులో ఎక్కువ భాగం సన్నని సీటు మీద, మిగిలినది అరచేతుల మీద పడుతుంది. ముందుకు వంగి తొక్కుతూ దారి చూడాలంటే తల పైకెత్తే ఉంచాలి కనుక మెడ కండరాలు బిగుసుకుపోతాయి. కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలి, కాళ్ళు ముందుకు చాపి తొక్కే రికంబెంట్ సైకిల్‌లో ఆ బరువు వీపుకూ పిరుదులకూ పంచబడుతుంది, చేతులకు దారి తిప్పడం తప్ప వేరే పని ఉండదు. ఇది నిస్సహాయుల బండి అని సంకోచించేవారికి ఒక్క మాట చెప్పాలి: 1933లో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే పోటీదారుడు ఇలాంటి సైకిల్ మీదనే గంటలో 45 కిలోమీటర్లకు పైగా తొక్కి అంతకుముందున్న రికార్డును దాటాడు, మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం వీటిని తన పోటీల నుంచి తప్పించింది.

అయితే వాలి కూర్చుంటే అన్ని నొప్పులూ తగ్గుతాయనుకోవడం సరికాదు. నడుము నొప్పినే తీసుకుందాం. కొందరికి నాలుగడుగులు నడవగానే తొడలు, పిక్కలు లాగుతాయి, ఏ అరుగు మీదనో కాసేపు కూర్చుని ముందుకు వంగితే హాయిగా ఉంటుంది. వెన్నులో నరాల దారి ఇరుకైనవారికి వచ్చే ఈ బాధలో రికంబెంట్ సాధారణంగా బాగా పనికివస్తుంది. మరికొందరికి కూర్చుంటేనే నొప్పి పెరుగుతుంది, దగ్గినా తుమ్మినా కాల్లోకి జివ్వుమని పాకుతుంది. ఇది డిస్కు జరిగినప్పటి లక్షణం. ఇలాంటివారు నడుము గూడుకట్టినట్టు వంగిపోయేలా వాలి, కాళ్ళను సీటుకంటే ఎత్తులో చాపి తొక్కితే నరం ఇంకా లాగబడుతుంది. వారికి సీటు నిటారుగా ఉండి, నడుము వంపు దగ్గర ఆనుడు ఉండి, పెడళ్ళు సీటు కంటే కిందుగా ఉండే రకం తప్ప మరొకటి చూడవద్దు. వాడుకలో రెంటికీ 'నడుము సమస్య' అనే పేరే ఉన్నా, ఎంపిక మాత్రం పూర్తిగా వేరు.

ఇక నేను అన్నింటికంటే ముందు చూసేది, తొక్కడం కాదు, లేవడం. ప్రొద్దుటూరు వైపు నుంచి ఒక నేతన్న వచ్చేవారు. ఏళ్ళ తరబడి గుంత మగ్గంలో కూర్చున్న నడుము అది. కదలని రికంబెంట్ యంత్రం మీద కూర్చోబెడితే సంతోషంగా తొక్కారు. దిగే సమయానికి మాత్రం రెండు చేతులతో సీటు అంచులు పట్టుకుని, ఒక కాలు నేలకు ఆనించి, నడుము లేపబోయి మళ్ళీ కూర్చుండిపోయారు. "తొక్కేదానికి బాగుండాది సార్, లెయ్యాలంటేనే భయం" అన్నారు. సీటు నాలుగు వేళ్ళ ఎత్తు పెంచగానే ఆ భయం పోయింది. రోడ్డు మీద తిరిగే సైకిల్ అయితే ఆ నాలుగు వేళ్ళను అంత సులువుగా పెంచలేం.

మూడు చక్రాల రికంబెంట్లలో రెండు రకాలున్నాయి. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి ఉండే రకం మలుపుల్లో బాగా నిలుస్తుంది కానీ, వీటిలో చాలావాటి సీటు నేలకు 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ముందు ఒకటి, వెనక రెండు చక్రాలు ఉండే రకంలో సీటు తరచుగా మన కుర్చీ ఎత్తుకు, అంటే 45 సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. ఎక్కడం, దిగడం సులువు, అయితే మలుపులో వేగం తగ్గించకపోతే లోపలి చక్రం పైకి లేవవచ్చు. మోకాళ్ళు, తుంటి అరిగినవారికి నేను రెండవదాన్నే సూచిస్తాను. ఇంట్లోనే పరీక్షించుకోండి: పక్కన ఒకరిని నిలబెట్టుకుని, గోడ ఆసరా లేకుండా పొట్టి ముక్కాలిపీట మీద కూర్చుని లేవండి. అది మీ వల్ల కాకపోతే, తక్కువ ఎత్తు బండి ఎంత బాగున్నా మీకోసం కాదు. బ్రేకును బిగించి నిలిపే ఏర్పాటు కూడా తప్పనిసరి, లేచేటప్పుడు బండి జారిపోతే పడేది మీరే.

పక్షవాతం వచ్చి తేరుకున్నవారికి, తల తిరిగే జబ్బున్నవారికి, పార్కిన్సన్స్ ఉన్నవారికి రెండు చక్రాల రికంబెంట్ వద్దనే చెబుతాను. నిలకడ మూడు చక్రాల్లోనే ఉంది. పట్టు తప్పిన పాదం పెడల్ మీద నుంచి జారితే నేలకు తగిలి వెనక్కి మడతపడి, బండి కిందికి లాగబడుతుంది. అందుకే మడమ పట్టీ, పాదాన్ని నిలిపే పట్టీ ఉండాలి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు మాత్రం ఆ పట్టీ ఒరిపిడిని గుర్తించలేరు. చెప్పులతో కాక మూసిన బూట్లతో తొక్కి, ఇంటికి రాగానే పాదాలను కంటితో చూసుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవారి జేబులో బెల్లం ముక్కో, చక్కెర పొట్లమో ఉండాలి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చే గుండె జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా వాలు సీటు జోలికి వెళ్ళకండి.

మోకాలి విషయంలో ఒక ప్రమాదం దాగి ఉంది. వీపుకు ఆనుడు ఉండడం వల్ల ఒంటి బరువును మించిన బలంతో పెడల్‌ను తన్నవచ్చు, ఆ బలమంతా మోకాలి చిప్ప కిందే పడుతుంది. తేలిక గేరులో, త్వరత్వరగా తిప్పడమే దీనికి విరుగుడు. పెడల్‌ను మధ్య ఇరుసుకు కలిపే మామూలు కడ్డీతో పూర్తి చుట్టు తిరగాలంటే మోకాలు సుమారు 110 డిగ్రీలు మడవాలి. అంత మడవలేనివారు 170 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 150 లేదా అంతకంటే పొట్టిది వేయించుకోవాలి.

మన రాయలసీమ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వెన్ను, మెడ కర్రలా బిగిసినవారున్నారు. వారు వెనక్కి తిరిగి చూడలేరు కనుక రెండు వైపులా అద్దాలు బిగించాకే రోడ్డెక్కాలి. ఈ బండి లారీలకూ బస్సులకూ కనిపించనంత కింద ఉంటుంది, వెనక పొడవాటి కడ్డీకి జెండా కట్టండి. కడప ఎండలో, వేసవిలో 40 డిగ్రీలు దాటే రోజుల్లో, వీపు ఆనే చోట దట్టమైన మెత్త కంటే వల అల్లిన సీటు మేలు. ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కడం ఇందులో కుదరదు. నడుము, మోకాళ్ళు రెండూ బలహీనంగా ఉంటే 250 వాట్ల లోపు మోటారు పెట్టించుకోవడంలో తప్పేమీ లేదు.

ఇవి మన ఊరి సైకిల్ షాపులో దొరకవు, ధర కూడా ఎక్కువ. అందుకే ముందు కదలని రికంబెంట్ యంత్రం మీద కొన్ని వారాలు తొక్కి, మీ ఒంటికి ఏ వాలు, ఎంత ఎత్తు సరిపోతాయో టేపుతో కొలిచి రాసుకోండి. చాలామందికి ఆ యంత్రమే చాలు. మన ఇళ్ళలో పరిచిన నున్నటి కడప బండల మీద అది జరుగుతుంది, కింద రబ్బరు పట్టా వేయండి.

రోడ్డు బండే కావాలనుకుంటే, డబ్బు కట్టేముందు మరమ్మతు సంగతి తేల్చుకోండి. గొలుసు దాదాపు మూడు మామూలు గొలుసులంత పొడవుంటుంది, కలిపి వేయడం మన మెకానిక్కులకు కష్టం కాదు. కంప ముళ్ళకు పంచరయ్యేది మూడు టైర్లు. చిన్న చక్రాల్లో 20 అంగుళాలు అని ఒకటే రాసి ఉన్నా రిమ్ములు రెండు కొలతల్లో వస్తాయి; టైరు పక్కన 406 అని ఉందా, 451 అని ఉందా చూసి, ఆ కొలత టైరు, ట్యూబు కడపలో దొరుకుతాయో లేదో ముందే అడిగి, అదనంగా ఒక జత బండితోపాటే తీసుకోండి.